సైప్రస్ సయోధ్య సదస్సులో హెడ్‌ఫోన్లు పంచాను

ఆకుపచ్చ గీత
శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా నికోసియాలో ఉంటూ ఒక సంస్థలో లెక్కలు చూస్తున్నాను. పోయిన వారం ఇక్కడ గ్రీకు సైప్రియట్లూ టర్కిష్ సైప్రియట్లూ కలిసి జరుపుకున్న రెండు రోజుల సదస్సుకు వెళ్లాను. ప్రసంగించడానికి వెళ్లానని అనుకోకండి. అనువాదం వినడానికి వాడే హెడ్‌ఫోన్లను గుమ్మం దగ్గర పంచి, సాయంత్రం లెక్కపెట్టి పెట్టెలో సర్దే స్వచ్ఛంద పని నాది. ఒకటో మీట గ్రీకు, రెండోది టర్కిష్, మూడోది ఇంగ్లీషు.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఈ దీవికి 1960లో బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. 1963 డిసెంబరులో రెండు జాతుల మధ్య రక్తపాతం జరిగితే, బ్రిటిష్ మేజర్ జనరల్ పీటర్ యంగ్ నికోసియా పటం మీద ఆకుపచ్చ పెన్సిలుతో ఒక గీత గీశాడు. నా పేరు అక్కడి నుంచే తెచ్చుకున్నాను. 1974 జూలై 15న గ్రీసు సైనిక పాలకుల అండతో ఇక్కడి ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర జరిగింది. అయిదు రోజులకు టర్కీ సైన్యం దిగింది. ఆ ఏడాది ముగిసేసరికి దీవిలో మూడో వంతుకు పైగా టర్కీ చేతిలోకి పోయింది. లక్షన్నరకు పైగా గ్రీకులు దక్షిణానికి పారిపోయారు. తర్వాతి ఏడాది కల్లా వేలాది టర్కిష్ సైప్రియట్లు దక్షిణంలోని ఇళ్లు వదిలి ఉత్తరానికి చేరారు. మధ్యలో 180 కిలోమీటర్ల పొడవున ఐక్యరాజ్యసమితి కాపలా కాసే నేల ఉంది. పాత నికోసియాలో అది ఒక సందు వెడల్పే. పొలాల్లో కొన్నిచోట్ల ఏడు కిలోమీటర్లు.

సదస్సు ఆ మధ్య నేలలోనే జరిగింది. తూటాల గుంతలు ఇంకా పూడ్చని లెడ్రా ప్యాలెస్ హోటలుకు ఎదురుగా ఉన్న చిన్న భవనం. అరవై, డెబ్బై మంది వచ్చారు. ప్రసంగాల గురించి చెప్పను. "విశ్వాసం", "సంభాషణ", "భాగస్వామ్యం" అనే మూడు మాటలకు పన్ను వేస్తే ఆ రెండు రోజుల్లో ఖజానా నిండేది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. హెడ్‌ఫోను తీసుకోనిది ముసలివాళ్లే. ఇరవై, పాతికేళ్ల పిల్లలందరూ, ఇటువాళ్లూ అటువాళ్లూ, తీసుకుని మూడో మీట నొక్కుకున్నారు. పాఫోస్ దగ్గరి పల్లెలో పుట్టి 1975లో ఉత్తరానికి వెళ్లిన ఎనభై దాటిన టర్కిష్ తాతగారికి ఇవ్వబోతే చెయ్యి అడ్డంగా ఊపి, నాకు గ్రీకులోనే ఏదో చెప్పి నవ్వాడు. ఆయన పక్కన మెసావోరియా మైదానం నుంచి పారిపోయి వచ్చిన గ్రీకు పెద్దావిడ కూర్చుంది. మధ్యాహ్నం ఒకాయన టర్కిష్‌లో మాట్లాడుతుండగా ఆవిడ హెడ్‌ఫోను బ్యాటరీ అయిపోయింది. నేను చూసి లేచేలోపే తాతగారు వంగి ఆవిడ చెవిలో గ్రీకులో చెప్పడం మొదలుపెట్టాడు. పది నిమిషాలు అలా చెప్పాడు. తర్వాత ఉన్నట్టుండి ఆపేశాడు. వక్త ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆవిడ అడగలేదు. ఆయన మళ్లీ మొదలుపెట్టలేదు.

అప్పుడు వక్త చెబుతున్నది టోఖ్నీ గురించి అని తర్వాత తెలిసింది. 1974 ఆగస్టులో ఆ ఊరి టర్కిష్ మగవాళ్లను గ్రీకు సాయుధులు బస్సుల్లో ఎక్కించుకుపోయి కాల్చేశారు.

చంపుకున్న రోజుల్ని చూసినవాళ్లకు ఒకరి భాష ఒకరికి వచ్చు. ఏమీ చూడని పిల్లలకు మూడో మీట కావాలి. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

కొత్త సభ్యురాలు
శనివారం రాత్రి

చాలా బాగా రాశారండీ. ఒక చిన్న సందేహం. తాతగారు ఎందుకు ఆపేశారో మీరు అడగలేదా?

ఆకుపచ్చ గీత
శనివారం రాత్రి

లేదండీ. బ్యాటరీ మార్చి ఇచ్చి వచ్చేశాను. ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుంది, చెవికి పెట్టుకోలేదు.

గోదావరి గట్టు
ఆదివారం ఉదయం

కథ బాగుంది. నాకు మాత్రం సదస్సుల మీద నమ్మకం లేదు. వచ్చిన డెబ్బై మంది ముందే ఒప్పుకున్నవాళ్లు. ఒప్పుకోనివాళ్లు ఆ గేటు దాకా రారు. పెళ్లికి వచ్చినవాళ్లను మళ్లీ పెళ్లికి పిలిచినట్టు ఉంటుంది.

లెక్క చూడండి. 2004 ఏప్రిల్ 24న రెండు వైపులా ఒకే రోజు ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పేరుతో వచ్చిన ఏకీకరణ పథకం అది. టర్కిష్ వైపు 65 శాతం అవునన్నారు. గ్రీకు వైపు 76 శాతం కాదన్నారు. సరిగ్గా వారానికే, మే 1న, కాదన్న దక్షిణం యూరోపియన్ యూనియన్‌లో చేరిపోయింది. అవునన్న ఉత్తరం బయటే ఉండిపోయింది. కాదన్నవాళ్లకూ కారణాలు ఉన్నాయి, ఒప్పుకుంటాను. టర్కీ సైన్యం ఎప్పుడు పోతుంది, పోగొట్టుకున్న ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నలకు వాళ్లకు నచ్చే జవాబు అందులో లేదు. 2017లో స్విట్జర్లాండ్‌లోని క్రాన్స్ మోంటానాలో మళ్లీ కూర్చున్నారు, మళ్లీ లేచిపోయారు. ఇంటి పత్రం ఒకరి దగ్గర, ఇల్లు ఇంకొకరి దగ్గర ఉన్నంత కాలం హెడ్‌ఫోన్లు ఎన్ని పంచితే ఏమిటి లాభం?

మాజీ సుబేదార్
ఆదివారం ఉదయం

చర్చకు సంబంధం ఉన్న విషయం ఒకటి. ఆ మధ్య నేలతో మన దేశానికి పాత లంకె ఉంది. 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి దళం ఏర్పడినప్పుడు మొదటి సేనాని జనరల్ జ్ఞానీ. ఆ తర్వాత జనరల్ తిమ్మయ్య. ఆయన 1965 డిసెంబరులో సైప్రస్‌లోనే, ఉద్యోగంలో ఉండగానే కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన జ్ఞాపకంగా అక్కడి ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. 1974లో టర్కీ సైన్యం దిగిన రోజున ఆ దళానికి అధిపతి జనరల్ ప్రేమ్ చంద్. నికోసియా విమానాశ్రయం కోసం రెండు పక్షాలూ పోరాడుతుంటే దాన్ని ఐక్యరాజ్యసమితి అధీనంలోకి తెచ్చింది ఆయన హయాంలోనే. ఆ విమానాశ్రయంలో ఈ నాటికీ విమానం దిగదు.

మన సైనిక పాఠాల్లో కొరియా, కాంగో గురించి చెబుతారు. సైప్రస్ ఎవరికీ గుర్తుండదు.

పాత పంతులు
ఆదివారం మధ్యాహ్నం

అమ్మా, మీ హెడ్‌ఫోన్ల మాట రాత్రంతా నన్ను వదలలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల వాణ్ణి, వరంగల్లులో పంతులుగా పని చేసి విరమించాను. ఒకటి అడుగుతాను. ఆ టర్కిష్ తాతకు గ్రీకు వచ్చు అన్నారు. ఆ గ్రీకు పెద్దావిడకు టర్కిష్ వచ్చా? వస్తే ఆయన చెవిలో చెప్పే అవసరం ఏముంది?

మా నాన్నగారు నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టిందే ఉర్దూ మాధ్యమంతో. కచేరీలో అర్జీ ఉర్దూలో ఉండాలి, కోర్టు కాగితం ఉర్దూలో రావాలి. నాన్నగారు చనిపోయేవరకు ఉర్దూలో కవిత్వం చదువుతూ కళ్లు తుడుచుకునేవారు. ఆ ప్రేమ నిజమే. అయితే ఆయనకు ఆ భాష వచ్చింది ప్రేమతో కాదు. రాకపోతే నౌకరీ లేదు కాబట్టి. మా వీధిలోని ఉర్దూవాళ్లలో చదవను రాయను తెలుగు నేర్చుకున్నది ఎందరు? ఒక చేతి వేళ్లు చాలు.

కాబట్టి "అప్పుడు ఒకరి భాష ఒకరికి వచ్చేది" అని మనం మురిసిపోయే ముందు ఎవరికి ఎవరి భాష వచ్చేది, ఎందుకు వచ్చేది అని అడగాలి. మీ దీవిలో తక్కువమంది ఎవరమ్మా?

ఆకుపచ్చ గీత
ఆదివారం సాయంత్రం

మాస్టారూ, మీరు సరిగ్గా పట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి టర్కిష్ సైప్రియట్లు సుమారు 18 శాతం. మిశ్రమ గ్రామాల్లో అంగడికి, పొలం పనికి, మేస్త్రీ పనికి వెళ్లాలంటే గ్రీకు రావాలి. అందుకే ఆ తరం వాళ్లకు గ్రీకు బాగా వచ్చు. టర్కిష్ వచ్చిన గ్రీకులు ఉన్నారు, కానీ తక్కువ. నేను రాసిన వాక్యం సగమే నిజం. ఆ పెద్దావిడకు టర్కిష్‌లో పలకరింపులు, తిట్లు, కూరగాయల పేర్లు వచ్చు. అంతే.

ఇదే లెక్క రాజ్యాంగంలోనూ తంటా తెచ్చింది. 1960 రాజ్యాంగం ప్రకారం గ్రీకు అధ్యక్షుడు మకారియోస్, టర్కిష్ ఉపాధ్యక్షుడు ఫాజిల్ కుచుక్. ప్రభుత్వ ఉద్యోగాలు 70, 30 చొప్పున. మేము 18 శాతానికి 30 ఎలా ఇస్తాం అని గ్రీకులు. రాసిచ్చింది అమలు చేయరేమిటి అని టర్కులు. 1963 నవంబరులో మకారియోస్ రాజ్యాంగానికి పదమూడు సవరణలు ప్రతిపాదించాడు. నెల తిరిగేలోపు తుపాకులు పేలాయి. ఆ తర్వాత పదకొండేళ్లు టర్కిష్ సైప్రియట్లలో చాలామంది ఇరుకు ఆవరణల్లో చిక్కుబడి బతికారు. దక్షిణంలో ఎవరిని అడిగినా కథ 1974తో మొదలవుతుంది. ఉత్తరంలో 1963తో. సదస్సులో చరిత్ర పాఠ్యపుస్తకాల మీద జరిగిన రెండు గంటల గొడవ సారాంశం ఇదే. ఎక్కడ మొదలుపెట్టాలో తేలకుండానే భోజనానికి లేచారు.

గోదావరి గట్టు గారూ, మీ పెళ్లి పోలికకు నవ్వుకున్నాను. ఒప్పుకుంటాను కూడా. అయినా ఒక మురుగు కాలువ కథ చెప్పనివ్వండి. నికోసియా రెండు ముక్కలయ్యాక మురుగు ఎటు పోవాలి? పల్లం ఉత్తరంలో ఉంది, జనం ఎక్కువ దక్షిణంలో ఉన్నారు. మురుగుకు గీత తెలియదు కదా. 1970ల చివర దక్షిణ నికోసియా మేయర్ లెల్లోస్ డిమిట్రియాడిస్, ఉత్తర నికోసియా మేయర్ ముస్తఫా అకింజీ కలిసి ఒకే మురుగు వ్యవస్థకు ఒప్పుకున్నారు. శుద్ధి కేంద్రం ఉత్తరాన మియా మిలియాలో ఉంది. పై నేల మీద సైనికులు తుపాకులు ఎక్కుపెట్టి ఉంటే కింద రెండు ఊళ్ల మురుగు కలిసి పోతూ ఉండేది. ఆ అకింజీయే 2015లో టర్కిష్ సైప్రియట్ల నాయకుడిగా ఎన్నికై క్రాన్స్ మోంటానా దాకా వెళ్లాడు. నా మాట పోనివ్వండి, అంతకు ముందు ఎవరూ కలవని రోజుల్లో వీళ్లిద్దరూ కలిసి కూర్చోలేదా?

గోదావరి గట్టు
ఆదివారం సాయంత్రం

అది సదస్సు కాదండీ, మున్సిపాలిటీ. మున్సిపాలిటీ పనులను నేను ఎప్పుడూ తక్కువ చేయను.

మాట వచ్చింది కాబట్టి, మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య కూడా ఇలాంటిదొకటి పెడితే బాగుంటుందేమో. పదేళ్లు దాటినా మనసులు కుదుటపడలేదు.

మూసీ ఒడ్డు
ఆదివారం రాత్రి

ఈ పోలిక వద్దు. మాకు ఇక్కడ కనబడకుండా పోయిన మనుషులు లేరు. మధ్య నేల లేదు, తుపాకీ లేదు. పార్లమెంటు చట్టం చేసింది, 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సాయంత్రం రైలెక్కితే పొద్దున్నే విజయవాడలో కాఫీ. మా పోరాటం ఒకరి ఇంట్లో ఇంకొకరు దూరడం గురించి కాదు, నీళ్లు, నిధులు, నియామకాల గురించి. "మనసులు కుదుటపడలేదు" అనేవాళ్లు ఎవరి మనసు గురించి మాట్లాడుతున్నారో ముందు చెప్పాలి.

నిర్వాహకుడు
ఆదివారం రాత్రి

మూసీ ఒడ్డు గారి అభ్యంతరం న్యాయమైనది. రాష్ట్ర విభజనపై వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ ఆ దారిలో వచ్చిన మరో ఆరు సందేశాలు తొలగించాను.

పాత పంతులు
ఆదివారం రాత్రి

నిర్వాహకుల మాట శిరసావహిస్తాను. మన దగ్గర పోలిక వెతకాలంటే 2014లో వెతకకూడదు, 1948లో వెతకాలి. రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన ఘోరాలు మా అమ్మమ్మ నోట విన్నాను. ఆ సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక ముస్లింల మీద జరిగిన ఘోరాలు మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. పండిత్ సుందర్‌లాల్ కమిటీని ప్రభుత్వమే పంపింది. బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువగా నలిగాయని వాళ్లు రాశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంట పడలేదు. అమ్మమ్మ చెప్పిన సగం అబద్ధం కాదు. చెప్పని సగమూ ఊళ్లోనే జరిగింది. మీ తాతగారు ఆపేసిన చోటు లాంటిది మా ఇంట్లోనూ ఉందమ్మా.

బెల్‌ఫాస్ట్ నర్సు
సోమవారం తెల్లవారుజాము

రాత్రి డ్యూటీ విరామంలో చదివాను. ఉత్తర ఐర్లాండ్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. 1998 శాంతి ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి, బాంబులు ఆగాయి. కాథలిక్కుల పేటకూ ప్రొటెస్టెంట్ల పేటకూ మధ్య "శాంతి గోడలు" మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. కొన్నిటికి రాత్రి గేట్లు వేస్తారు. ఒప్పందం చేసుకోవడం వేరు, పక్కపక్కన పడుకోవడం వేరు.

రెండు మతాల పిల్లలను కలిపి చదివించే మొదటి మిశ్రమ బడి లగన్ కాలేజీ 1981లో ఇరవై ఎనిమిది మంది పిల్లలతో మొదలైంది. ఈ నాటికీ పదిమందిలో ఒక్కరు కూడా అలాంటి బడికి వెళ్లడం లేదు. వాళ్లందరిదీ ఒకే భాష, మాస్టారూ. హెడ్‌ఫోను అక్కరలేదు. అయినా నా వార్డులో రోగి పేరు వినగానే పక్క మంచం ఆయన గోడ వైపు తిరగడం చూశాను. మీరు రాసింది మొత్తం భాష సమస్యగా మారిపోతుందేమో అని ఈ ముక్క చెబుతున్నాను.

ఇక్కడ కూడా చంపి రహస్యంగా పూడ్చిన పదిహేడు మంది కోసం 1999లో ఒక సంఘం పెట్టారు. చోటు చెప్పినవాళ్ల మాటను వాళ్ల మీదే కేసుకు వాడకూడదని చట్టం. సైప్రస్‌లోనూ అంతేనా?

ఆకుపచ్చ గీత
సోమవారం రాత్రి

అంతేనండీ. ఆ భాగం రాయడానికి చెయ్యి రాక మొదటి రోజు వదిలేశాను.

ఇక్కడ తప్పిపోయినవారి సంఘం 1981లో ఏర్పడింది. జాబితాలో 2002 మంది. 1510 మంది గ్రీకు సైప్రియట్లు, 492 మంది టర్కిష్ సైప్రియట్లు. తవ్వకాలు జోరందుకున్నది 2006లో. ఇప్పటికి వెయ్యికి పైగా గుర్తించి కుటుంబాలకు ఇచ్చారు. సుబేదార్ గారు చెప్పిన ఆ పాత విమానాశ్రయం ఆవరణలోనే వాళ్ల ప్రయోగశాల ఉంది. రెండు జాతుల యువ శాస్త్రవేత్తలు ఒకే బల్ల దగ్గర ఎముకలు పేరుస్తారు. సదస్సుకు వచ్చిన ఒకామె ఆ పని ఎలా జరుగుతుందో చెప్పింది. ఎముక మీద ఏ జాతో రాసి ఉండదు, బావిలో చాలామందివి కలిసిపోయి ఉంటాయి, ఒక్కొక్కటే వేరు చేసి డీఎన్ఏ పంపాలి అంది. అస్సియా ఊరి మనుషుల్ని కాల్చి బావుల్లో పడేస్తే, ఆ తర్వాత ఎవరో తవ్వి ఎముకల్ని డికోమో చెత్తదిబ్బకు తరలించారట. బావిలో మిగిలినవి చిన్న చిన్న ముక్కలే.

ఆ సంఘం ఎవరు చంపారని అడగదు. ఎలా చనిపోయారని కూడా రాయదు. దాని నియమమే అది. అడిగితే చోటు చెప్పే ముసలివాళ్లు నోరు విప్పరు. అప్పుడు వెనుక వరుసలో నుంచి ఒకాయన లేచి "మా నాన్న ఎముకలు ఇచ్చారు, కృతజ్ఞుణ్ణి. ఆయన్ని చంపినవాడు నాకు కాఫీ పోసి ఉండవచ్చు, అది నేను తెలుసుకోకూడదా?" అన్నాడు. ఏ భాషలో అన్నాడో కావాలనే చెప్పడం లేదు. వేదిక మీద ఎవరి దగ్గరా జవాబు లేదు. సంధానకర్త నీళ్లు తాగాడు.

నర్సు గారూ, మీరన్నది నిజం, ఇది భాష ఒక్కదాని సంగతి కాదు. గోదావరి గట్టు గారూ, ఆయన ముందే ఒప్పుకున్నవాడు కాదు. వచ్చాడు కదా.

గోదావరి గట్టు
సోమవారం రాత్రి

ఆ ఒక్క ప్రశ్న కోసమైతే సదస్సు పెట్టవచ్చు. ఒప్పుకున్నాను. కాకపోతే జవాబు లేని ప్రశ్నను వదిలేసి భోజనానికి లేవడమే నాకు నచ్చదు.

సముద్రపు కాకి
మంగళవారం మధ్యాహ్నం

అక్కా, నేను మీకు అటువైపు ఉన్నాను. ఫమగుస్తాలో చదువుకుంటున్నాను. ఇస్తాంబుల్ మీదుగా ఉత్తరంలోని ఎర్జాన్ విమానాశ్రయంలో దిగాను కాబట్టి దక్షిణం వాళ్ల లెక్కలో నేను అక్రమంగా దీవిలోకి వచ్చినవాణ్ణి. మీ వైపు రానివ్వరు. ఏజెంటు "సైప్రస్, యూరప్" అన్నాడు, మా ఇంట్లో అందరూ అదే అనుకున్నారు. ఇక్కడికి వచ్చాకే రెండు సైప్రస్‌లు ఉన్నాయని తెలిసింది. 1983లో ప్రకటించుకున్న ఈ రాజ్యాన్ని టర్కీ తప్ప ఎవరూ గుర్తించలేదని మొదటి సెమిస్టరులో తెలుసుకున్నాను. ఫీజు కట్టాక.

మా గదికి దగ్గరలోనే వరోషా. 1974 నుంచి కంచె వేసి ఉంచిన పేట. 2020 అక్టోబరులో కొన్ని వీధులు తెరిచారు. సైకిలు మీద తిరగవచ్చు, ఇళ్లలోకి వెళ్లకూడదు. పన్నెండు అంతస్తుల హోటళ్లు, బాల్కనీలో చెట్లు మొలిచి ఉంటాయి. ఒకసారి దక్షిణం నుంచి వచ్చిన ఒక కుటుంబం తాడుకు ఇవతల నిలబడి మూడో అంతస్తు వైపు వేలు పెట్టి పిల్లలకు ఏదో చూపిస్తోంది. పిల్లలు ఫోను చూసుకుంటున్నారు. నేను సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్లాను, ఎందుకో తొక్కబుద్ధి కాలేదు.

నాకూ ఇక్కడ మూడో మీటే. టర్కిష్‌లో రొట్టె, బస్సు, ఎంత అని మూడు మాటలు వచ్చు.

ఆకుపచ్చ గీత
మంగళవారం రాత్రి

తమ్ముడూ, నువ్వు మా వైపు రాలేవు సరే, మధ్య నేల దాకా రావచ్చేమో కనుక్కో. లెడ్రా ప్యాలెస్ దగ్గర మీ వైపు తనిఖీ దాటాక, మా వైపు తనిఖీకి ముందే ఆ భవనం వస్తుంది. అక్కడి కాఫీ కొట్టుకు రెండు వైపుల వాళ్లూ వస్తారు. నీ వీసాకు ఇబ్బంది లేదని మీ విశ్వవిద్యాలయంలో ముందు అడుగు. అడగకుండా బయలుదేరకు.

సముద్రపు కాకి
బుధవారం సాయంత్రం

అడిగాను అక్కా. రావచ్చు అన్నారు, దాటకపోతే చాలట. ఒక సాయం కావాలి. మా కుక్కర్ రబ్బరు తెగిపోయింది. మూడు లీటర్లది, లోపలి మూత. ఇక్కడ ఏ కొట్టులో అడిగినా అర్థం కావడం లేదు, బొమ్మ గీసి చూపించినా తల అడ్డంగా ఊపుతున్నారు. నెల రోజులుగా పప్పు ఉడకడం లేదు.

ఆకుపచ్చ గీత
బుధవారం రాత్రి

నా దగ్గర ఒకటి అదనంగా ఉంది, కొలత చూసి చెబుతాను. శనివారం పదకొండింటికి రా. హెడ్‌ఫోన్ల పెట్టె తిరిగి ఇవ్వడానికి ఎలాగూ అక్కడికి వస్తున్నాను. లెక్కలో ఒకటి తక్కువ వచ్చింది. ఆ పెద్దావిడ ఒళ్లో పెట్టుకున్నదే అయి ఉంటుంది.

పాత పంతులు
బుధవారం రాత్రి

అడగకమ్మా. ఉండనీ.